తుపానులో ఏ రేవైనను

ఆంగ్లేయ భాషలో "ఎనీ పోర్ట్ ఇన్ ఎ స్టార్మ్" అను నుడికారము గలదు. తుపానువేళ ఏ రేవైనను రేవే యని మాటకు మాట యర్థము. ఇది 18వ శతాబ్దమునుండియు గ్రంథములయందు కానవచ్చుచున్నది. రేవుపట్టణపు బాలురకు దీనిని వేరుగా వివరింప నక్కఱలేదని మేము తలంచితిమి. అది మా పొరపాటు.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముకడ తీరము దాటినది. నాడు ఇంటికప్పు ఎగిరిపోయిన యొక విద్యార్థి కుటుంబమునకు పొరుగువీధి పెద్దమనిషి యొకరు ఆశ్రయమిచ్చిరి. బాలుడు కృతజ్ఞతతో ఆయనకు ఆంగ్లమున జాబు వ్రాసి, దాని మొదట ఈ నుడికారము నుంచెను. అటుపిమ్మట ఆయన పలుకరింపు తగ్గినది. "నా జాబులో తప్పేమున్నది, మాస్టరుగారూ?" అని వాడు మా యొద్దకు వచ్చెను. వ్యాకరణదోష మొక్కటియు లేదు.

దోషమంతయు "ఎనీ" అను మాటయందున్నది. నావికుడు కోరి చేరిన రేవు కాదది, గతిలేక చేరినది. వసుదేవు డంతటివాడు గాడిద కాళ్లు పట్టుకొనెనని మనవా రందురు గదా! ఆ సామెతను మేలుచేసిన వాని యెదుట చెప్పిన నెట్లుండును? బాలుని జాబు అట్లే యున్నది. మునుగువానికి గడ్డిపోచ ఆధార మనుట వేఱు. గడ్డిపోచ రక్షింపదు, రేవు రక్షించును. కోరిన యుద్యోగము దొరకక చిన్న గుమాస్తా పనిలో చేరినవాడు, తన స్నేహితులతో, ఈ నుడికారము చెప్పుకొనవచ్చును. ఆ పని యిచ్చిన యజమానితో చెప్పరాదు.

ఇంకొక విశేషము. ఇది తెరచాపల నావలనాటి మాట. మన యూరి రేవు 1933వ సంవత్సరమున తెరువబడినది. అంతకుముందు ఓడలు బయట సముద్రములోనే లంగరు వేయగా సరకులు పడవలమీద వచ్చెడివి. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఇంత భద్రమైన రేవున్నను, పెనుతుపాను వచ్చునని తెలిసినప్పుడు పెద్ద యోడలను సముద్రముమీదికి పంపివేయుదురు. కట్టియున్న యోడ గట్టునకో, ప్రక్క యోడకో కొట్టుకొని చెడును. హుద్‌హుద్ నాడును నౌకాదళపు టోడలు ముందుగనే వెడలిపోయినవి.

బాలునిచేత జాబు తిరిగి వ్రాయించితిమి. "యువర్ హౌస్ వాజ్ అవర్ పోర్ట్ ఇన్ ది స్టార్మ్" అని వ్రాసెను. ఈమాఱు తపాలలో వేయక, తానే తీసికొనిపోయి యిచ్చెను.