రెండు కన్నులును ఒకే ప్రక్కనున్న చేప

కోస్తాతీరపు రేవులలో వలలు విప్పు వేళ నిలిచి చూచిన విద్యార్థులు, నాలుకవలె పలుచనై, రెండు కన్నులును ఒకే ప్రక్కన గల చేపలను ఎఱిగియే యుందురు. ప్రకృతిశాస్త్ర పాఠమునకు అట్టి చేప నొకదానిని తెచ్చిన బాలుడొకడు, "అయ్యగారూ, ఇది పుట్టుకతోనే అవిటిదా?" యని మమ్మడిగెను. తరగతి యంతయు నవ్వెను. కాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. గొప్ప పండితులు సైతము దానిని గూర్చి వాదించుకొనిరి. ఆనాడు క్లుప్తముగా చెప్పిన యుత్తరమును ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము. ఇందులకు టర్బట్ అను సముద్రపు చేపను ఎన్నుకొంటిమి. ఏలయన, దీని జీవితమును శాస్త్రజ్ఞులు గ్రుడ్డు మొదలుకొని శోధించియున్నారు. మనుష్యులు దీనిని తొట్లలో పెంచుటయు నేర్చియున్నారు.

ఉనికియు, రూపమును

టర్బట్ ఐరోపాఖండపు పడమటి తీరమునను, బాల్టిక్, మధ్యధరా సముద్రములందును నివసించును. స్వీడను దేశస్థుడగు లిన్నేయస్ పండితుడు 1758వ సంవత్సరమున దీనిని శాస్త్రీయముగా వర్ణించి పేరిడెను. ఇది ఇంచుమించు గుండ్రని పళ్లెమువలె నుండును. మిక్కిలి పెద్దది ఒక మీటరు పొడవును, 25 కిలోల బరువును పొందగలదు. ఒడలిపై పొలుసులు లేవు. వానికి మారుగా ఎముకవంటి చిన్న బొడిపెలు కలవు. కన్నులు రెండును ఎడమప్రక్కన నుండును. ఆ ప్రక్క ఇసుకవన్నె గలదై, నేలను బట్టి రంగు మార్చుకొనును. నేలకు తగులు కుడిప్రక్క తెల్లగా నుండును. ఇసుకలో ఒడలు కప్పుకొని, కన్నులు మాత్రము పైకుంచి, చేరువకు వచ్చిన చిన్న చేపలను పట్టి తినును.

జననము

ఆడుచేప ఒక్క ఋతువులో లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. పెద్దదైనచో అవి కోటివరకు నుండవచ్చును. ఒక్కొక్క గ్రుడ్డు వ్యాసము సుమారు ఒక మిల్లిమీటరు. అందు నూనెబొట్టొకటి యుండుటచే అది నీటిలో తేలును. 12 మొదలు 14 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి గల నీటిలో 5, 6 దినములకు గ్రుడ్డు పగిలి, 3 మిల్లిమీటర్ల పొడవైనను నిండని పిల్ల వెలువడును. మొదటి రెండు మూడు దినములు దానికి నోరు తెఱువబడదు. తనతో తెచ్చుకొన్న సొనతోనే జీవించును.

బాలుని ప్రశ్నకు ఉత్తర మిచ్చటనే కలదు. ఈ పిల్ల తక్కిన చేపపిల్లలవలెనే నిటారుగా ఈదును. దానికి చెరియొక ప్రక్కను ఒక్కొక్క కన్ను ఉండును. కావున ఈ చేప పుట్టుకతో అవిటిది కాదు. అవిటితనమని మనకు తోచినది తరువాత కలిగిన మార్పు.

కన్ను తరలుట

కొన్ని వారములు గడచి, పిల్ల సుమారు 25 మిల్లిమీటర్ల పొడవగునప్పటికి, కుడికన్ను మెల్లగా నెత్తిమీదుగా ఎడమప్రక్కకు తరలును. పుఱ్ఱె యెముకలు వంకర తిరుగును. చిన్ననాటి గాలితిత్తి నశించును. పిల్ల ప్రక్కకు ఒరిగి, అడుగునకు దిగి, అచ్చటనే జీవించుట కలవాటుపడును. ఈ మార్పును నడపునది థైరాయిడు గ్రంథినుండి స్రవించు రసము. జపాను పండితులగు ఇనూయి, మివా అనువారు 1985వ సంవత్సరమున తమ తీరపు బల్లపరుపు చేపపిల్లలకు ఈ రసము నిచ్చి, మార్పు త్వరపడుటను చూపిరి. కప్పపిల్ల తోక పోయి కాళ్లు వచ్చుటకును ఇట్టి రసమే కారణమని విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

1871వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు మైవార్ట్ పండితుడు, కన్ను సగము దూరము మాత్రము తరలినచో చేప కేమి లాభమని డార్విను నాక్షేపించెను. మరుసటి యేట డార్విను తన గ్రంథపు ఆఱవ కూర్పులో బదులు వ్రాసెను. కాని కన్ను సగము తరలిన చేప నెవ్వరును చూపజాలకపోయిరి. 2008వ సంవత్సరమున ఫ్రీడ్మన్ అను పండితుడు సుమారు 5 కోట్ల యేండ్లనాటి శిలలలోని చేపలను శోధించి, పెరిగిన చేపలయందును కన్ను సగము త్రోవలోనే యున్నదని నిరూపించెను. వాదము తీరుటకు 137 సంవత్సరములు పట్టెను. సత్యమును వెదకువారికి ఓర్పు కావలెను.

పెంపకము

టర్బట్ మాంసము తెల్లనిది, గట్టిది, వెలగలది. 1970వ సంవత్సరము తరువాత స్కాట్లండులో దీని పెంపకము ఆరంభమై, పిదప ఫ్రాన్సు, స్పెయిను దేశములకు వ్యాపించెను. తల్లిచేపలుండు తొట్లలో దీపముల వెలుతురును నీటి వేడిమిని మార్చి, ఋతువు కాని ఋతువునను గ్రుడ్లు పెట్టునట్లు చేయుదురు. పిల్లలకు మొదట రోటిఫరులను సూక్ష్మజీవులను, పిమ్మట ఆర్టీమియా పిల్లలను, తుదకు పొడిమేతను ఇత్తురు. తొలి మేతలో తగిన సముద్రపు నూనె లోపించినచో, ఎడమప్రక్క రంగు సరిగా పట్టక తెల్లమచ్చలు పడును. ఈ దశలో పిల్లలు అధికముగా చచ్చును. పెంపకపు కష్టమంతయు ఇచ్చటనే యున్నది.

ఆ గండము గడచిన పిల్లలను తీరమునందలి తొట్లలో 14 మొదలు 18 డిగ్రీల సముద్రజలమున పెంచుదురు. ఇవి అడుగున ఒకదానిపై నొకటి పండుకొనును గాన, తొట్టి లోతుకంటె అడుగు వైశాల్యమే ముఖ్యము. సుమారు రెండేండ్లకో, మఱికొంత కాలమునకో ఇవి అమ్మకమునకు వచ్చును. ఆడుచేపలు మగవానికంటె త్వరగా ఎదుగును.

ఒక హెచ్చరిక

1992వ సంవత్సరమున చీనాదేశపు పండితుడగు లే జిలిన్ ఈ చేపను తన దేశమునకు తెప్పించెను. కప్పుగల కొట్టములలో, చల్లని ఉప్పునీటి బావుల సాయమున పెంచుట నేర్పగా వేలకొలది రైతులు బాగుపడిరి. నేడు పెంపకపు టర్బట్‌లో అధికభాగము చీనాదేశపుదే. కాని 2006వ సంవత్సరము నవంబరు మాసమున షాంఘై నగరాధికారులు పరీక్షింపగా, ఈ చేపలలో నిషేధింపబడిన నైట్రోఫ్యూరాను మందుల శేషము కనబడెను. అమ్మకములు ఆగిపోయెను, ధర పడిపోయెను. తప్పు చేయని రైతులును తప్పు చేసినవారితోపాటు నష్టపడిరి.

మన జిల్లాలలో రొయ్యల చెఱువులు గల తల్లిదండ్రులు దీనిని గమనింపవలెనని కోరుచున్నాము. మన రొయ్యలును మందుల శేషము కారణముగా పరదేశపు రేవులనుండి త్రిప్పి పంపబడిన సందర్భములు కలవు. చెఱువులో రహస్యముగా వేసిన మందు పరీక్షశాలలో బయలుపడును. ఒకని యపనమ్మకము ఊరి యన్నమునకు దెబ్బ.

ఇంకొక విషయము. టర్బట్ మాంసాహారి. దాని మేతకై చిన్న సముద్రపు చేపలను ఎండించి పొడి చేయవలసి యున్నది. ఒక చేపను పెంచుటకై పెక్కు చేపలను పట్టినచో సముద్రమునకు మేలెట్లు కలుగును? అందుచే సోయా మొదలగు గింజల మాంసకృత్తులను కొంత కలిపి చూచుచున్నారు.

మన తీరపు మాట

మన తీరజలము వెచ్చనిది గాన టర్బట్ ఇచ్చటికి తగదు. కాని దీని దూరపు బంధువొకటి బంగాళాఖాతముననే కలదు. దాని కన్ను నెత్తి యంచువరకే తరలి నిలుచును. 1801వ సంవత్సరమున బ్లాక్, ష్నైడర్ పండితుల గ్రంథమున దానికి "ఎరుమై" యను పేరు పడెను. అరవమున ఎరుమై యనగా ఎనుము. తరంగంబాడి మిషనులో బోధకులై, బడి నడపిన జాన్ దొరగారు ఈ బ్లాక్ పండితునకు పెక్కు చేపలను పంపిరి. ఆయన పేరిట బ్లాక్ ఒక చేపల జాతికి జోనియస్ అని పేరిడెను. రేవునకు పోయి కన్నులు తెఱచి చూచుటయు ఉపాధ్యాయుని పనిలోనిదే యని ఆయన మనకు చూపిరి.

ప్రియ విద్యార్థులారా, దేనినైనను అవిటిదని పలుకుటకు ముందు దాని జీవితమంతయు తెలిసికొనుడు. వంకరయని మీరు నవ్విన ఆ ముఖముతోనే ఆ చేప సముద్రగర్భమున చక్కగా చూచుచున్నది. సృష్టికర్త కార్యములను తొందరపడి తూచక, వినయముతో పరిశీలించుటయే శాస్త్రమునకు మొదటి పాఠము.