ఒకనాటి కోడిపిల్లలకు వసతి

నాటుకోడి పొదిగిన పిల్లలకు మన మెన్నడును ఇల్లు కట్టము. తల్లి రెక్కలే వానికి కప్పు, తల్లి మేనే కుంపటి. పొదుగుయంత్రమునుండి వచ్చిన ఒకనాటి పిల్లలకు ఆ తల్లి లేదు. రాజేంద్రనగరపు కోళ్ళ పరిశోధనాలయమున రూపొందిన వనరాజ, గ్రామప్రియ పిల్లలను పెరటిలో పెంచగోరు రైతు సోదరులు, తల్లి చేయు పనిని తాము చేయుట యెట్లో తెలిసికొనిన పిమ్మటనే పిల్లలకు పైకము కట్టవలెను.

మే మీ సంగతి నష్టపడి నేర్చుకొంటిమి. ఊరూర సేద్యపు మెలకువలు చెప్పు మేమే, మొదటిసారి 50 పిల్లలను తెచ్చినపుడు, వసారాలో నాలుగు పలకలు నిలిపి చతురస్రముగా దడి కట్టి, పైన ఒక్క బల్బు వ్రేలాడగట్టి నిద్రపోతిమి. అది మార్గశిరపు రాత్రి. నడిరేయి కరెంటు పోయినది. తెల్లవారి చూడగా పిల్లలన్నియు వెచ్చదనమునకై ఒక్క మూలకు చేరి యొకదానిపై నొకటి ఎక్కియుండెను. అడుగున పడిన 19 పిల్లలు ఊపిరాడక చచ్చియుండెను. చలి వానిని మూలకు తరిమినది, చంపినది మూలయే.

కావున దడి గుండ్రముగా నుండవలెను. అడుగున్నర యెత్తు వెదురు తడికగాని, రేకుగాని, దళసరి అట్టగాని వలయముగా చుట్టిన చాలును. 50 పిల్లలకు మొదట నాలుగడుగుల అడ్డుకొలత సరిపోవును. పిదప రెండుమూడు దినముల కొకసారి దానిని వెడల్పు చేయుచు పోవలెను. లోపల రెండంగుళముల మందమున ఎండిన వరిఊకగాని, వేరుసెనగ పొట్టుగాని పరచవలెను. ముక్కిన ఊక బూజుపట్టి పిల్లల ఊపిరితిత్తులకు తెగులు తెచ్చును. మొదటి దినములలో పిల్లలు ఊకనే మేతయని తినును గనుక పైన పాత కాగితములు పరువవలెను. నున్నని కాగితము పనికిరాదు. కాళ్ళు జారి చీలిపోవును.

పిల్లలు వచ్చుటకు ముందటి దినముననే దీపములు వెలిగించి దడిని వేడెక్కించి చూచుకొనవలెను. పిల్లల వీపు ఎత్తున మొదటివారము 95 ఫారన్‌హీటు డిగ్రీలు, ఆపై వారమునకు 5 డిగ్రీల చొప్పున తక్కువ. 60 వాట్ల తీగబల్బులు రెండు కట్టినచో ఒకటి మాడినను రెండవది యుండును. ఇప్పుడు అంగళ్ళలో విరివిగా నున్న ఎల్.ఇ.డి. బల్బులు వెలుగిచ్చును గాని చాలిన వేడి నీయవు.

ఉష్ణమాపకము లేనివారు పిల్లలనే చూడవచ్చును. ఉన్నవారును చూడవలెననియే మా యభిప్రాయము. దీపము క్రింద గుమిగూడి కీచుమని అరచినచో చలి. దడి నంటి ముక్కులు తెరచి రొప్పినచో వేడి యెక్కువ. అన్నియు ఒక్క ప్రక్కకే చేరినచో ఎదుటినుండి గాలి విసరుచున్నది. అంతట చెదరి మేయుచు, కునుకుచు నున్నచో అంతయు సరి. నడిరేయి ఒకసారి లేచి చూచుట తప్పదు.

కరెంటు పోవు నూళ్ళలో బొగ్గుల కుంపటి సిద్ధముగా నుంచుకొనవలెను. బొగ్గులు బయటనే ఎఱ్ఱగా రాజిన పిదప లోనికి తెచ్చి, చుట్టు ఇటుకలు పేర్చి, పైన చిల్లుల మూకుడు కప్పవలెను. కుంపటి యున్న గది నెన్నడును పూర్తిగా మూయరాదు. బొగ్గులనుండి పుట్టు విషవాయువు వాసనైన లేక పిల్లలనే గాక పండుకొన్న మనుష్యులను సైతము చంపును. గోనెపట్టాలను గోడ క్రిందిభాగమున గట్టి, పైభాగమును తెరచియుంచవలెను.

పిల్లలు రాగానే గోరువెచ్చని నీరు ముందు, మేత తరువాత. ఒక్కొక్కదాని ముక్కును నీట ముంచి విడిచినచో త్రాగుట నేర్చుకొనును. నీటి మూకుడులో గులకరాళ్ళు వేయనిచో పిల్లలు పడి మునుగును. మేతకు మొక్కజొన్న రవను కాగితముపై చల్లి, రెండుమూడు దినములకు పిల్లల దాణా మొదలిడవచ్చును.

ఎలుకలు, పిల్లులు చొరకుండ సన్నకన్నుల ఇనుపవల బిగింపవలెను. పెద్దకోళ్ళను ఆ గదిలోనికి రానీయరాదు. అయిదవ దినము మొదలు ఏడవ దినము లోపల కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్క కంట వేయింపవలెను. ఆరు వారములు నిండి, ఈకలు బాగుగా వచ్చిన పిదప పగటివేళ పెరటిలోనికి విడువవచ్చును.