వంకాయల బేరము, చీటీ పాట

సమస్య



మేము తార్నాకలో, విశ్వవిద్యాలయమునకు పోవు దారిలో, ఒక మేడమీది రెండు గదుల వాటాలో అద్దెకున్నాము. మావారు ఒక ప్రైవేటు కళాశాలలో అధ్యాపకులు. మాకు అయిదేండ్ల పాప, ఎనిమిది నెలల బాబు. అత్తగారు మాతోనే యుందురు. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాలలో తెలుగు ఎం.ఏ. చదివి, బాబు పుట్టువరకు ఒక పాఠశాలలో పాఠములు చెప్పితిని, ఇప్పుడు మానివేసితిని. ఒక జీతము తగ్గి, తిను నోరొకటి పెరిగినది. అందుచేత పొదుపు భారమంతయు నా నెత్తిన వేసికొంటిని.

ఆడవారికి బస్సులో టికెట్టు లేదుగదా యని వారమునకొకసారి సికింద్రాబాదు మోండా మార్కెట్టుకు పోయి కూరలు తెచ్చుచున్నాను. ఇక్కడి బండ్లవారి ధరతో పోల్చిన, వారమునకు నూరు రూపాయలు మిగులును. ఆషాఢపు తగ్గింపులలో జనరల్ బజారులో పెట్టుబడి చీరలు ఎనిమిదియు, పాపకు వచ్చే ఏటికి, ఆపై యేటికి సరిపోవు గౌనులును కొంటిని. ఒకటి కొన్న ఒకటి ఉచితమనగా, పాలలో కలుపు పొడి డబ్బాలు నాలుగు తెచ్చితిని. ఏ వస్తువు ఎక్కడ ఎంతకు దొరకునో నాకు కంఠోపాఠము. ప్రక్క వాటాలవారు నన్నడిగి మరీ బజారునకు పోవుదురు. ఆనాడు మిగిల్చిన మొత్తమును రాత్రి నోటుపుస్తకములో వ్రాసికొని, ఇదే నా జీతమని తృప్తి పడుదును.

అయినను నెలాఖరునకు చేత చిల్లిగవ్వ యుండదు. మావారు నవ్వుచు, "నీ పొదుపు చూచి డబ్బు జడిసి పారిపోవుచున్నది" అందురు. మొన్న రెండు సంచులతో ఎండనబడి వచ్చి, బాబు ఏడ్చుచుండగా ఆ మాట విని, నేనును గట్టిగా బదులు చెప్పితిని. అత్తగారు ఎవరితోను మాటలాడక తమ గదిలో కూర్చుండిరి. ఆయన దుబారా మనిషి కారు. నిరుడు రెండు లక్షల చీటీని మూడవ నెలలోనే అరువదివేలు వదలుకొని పాడి, నా పురుటి ఖర్చులు తీర్చి, మిగిలినదానితో స్కూటరు కొనిరి. ఆ చీటీ వాయిదాలు ఇప్పటికిని కట్టుచున్నారు. ఇంకను ఎక్కడ ఏది చౌకగా దొరకునో, ఏ ఖర్చు తగ్గింపవలెనో తెలుప ప్రార్థన.

— ఒక గృహిణి, తార్నాక

సలహా



నీ లేఖలో కూరలకు, గౌనులకు, డబ్బాలకు విస్తారముగా చోటు దక్కగా, రెండు లక్షల చీటీకి ఒక్క వాక్యమే దక్కినది. అదియు మీవారి మంచితనమునకు సాక్ష్యముగా, చివర తొందరగా చెప్పి దాటివేసిన వాక్యము. నేను అచ్చటనే ఆగిపోయితిని. మోండా మార్కెట్టులో వారమునకు నూరు రూపాయల చొప్పున నీవు మిగుల్చునది ఏడాదికి 5,200 రూపాయలు. చీటీ పాటలో వదలుకొన్నది 60,000. ఎండయనక వానయనక, రెండు చేతుల రెండు సంచులతో, పదకొండేండ్లకు పైగా నీవు బస్సెక్కి దిగినగాని ఆ ఒక్క పాటలో పోయినది పూడదు. అప్పటికి నీ పాప ఇంటర్మీడియట్ చదువుచుండును.

ఇందు మీవారిని దోషిగా నిలువబెట్టుట నా యభిమతము కాదు. పురుడు ముంచుకొని వచ్చినప్పుడు చేతిలో నిలువలేని గృహస్థు ఏమి చేయునో ఆయనయు అదియే చేసిరి. కాని చీటీ నడుచు తీరు మీరిరువురును కూర్చుండి గ్రహింపవలసినది. నలువదిమంది నెలకు అయిదేసి వేలు వేసికొన్న రెండు లక్షలగును. అందు అరువదివేలు వదలుకొని పాడినవాని చేతికి లక్షా నలువదివేలే వచ్చును. ఆ వదలినదానిలో మొదట నిర్వాహకుని కమీషను పోవును. 1982 నాటి చిట్ ఫండ్ల చట్టము దానిని చీటీ మొత్తములో 5 శాతమునకు మించరాదని కట్టడి చేయగా, 2019 సవరణ 7 శాతము వరకు పెంచినది. అనగా ఇచ్చట పదునాలుగు వేల వరకు పోవచ్చును. మిగిలిన నలువదియారు వేలను నలువదిమందికి పంచగా తలకు వచ్చునది 1,150 రూపాయలు. తరువాతి నెలలలో ఇతరులు పాడినప్పుడు మీకును అట్టి పంపకము వచ్చుచునే యుండును గనుక, నా పదకొండేండ్ల లెక్కనుండి కొన్ని యేండ్లు తగ్గించుకొనవచ్చును. తగ్గించినను మిగులునది చిన్న సంఖ్య కాదు. మొదటి నెలలలో పాడినవానికి చీటీ యొక అప్పు. చివరివరకు ఓపిక పట్టినవానికి అదియే పొదుపు. పురుటికి పాడుట అవసరమేయనుకొందము. స్కూటరునకు బ్యాంకు అప్పు ఎంత వడ్డీకి దొరకునో ముందుగా ఎవరైన విచారించిరా? ఆ పాటకు పూర్వము మీవారు నిన్ను ఒక్క మాట అడిగిరా?

అడిగియుండరని నీ లేఖయే చెప్పుచున్నది. అడిగియున్నచో, వంకాయ ధరలో రూపాయి తేడాను కనిపెట్టు నీ కన్ను ఆ అరువదివేలను చూడకపోయెడిది కాదు. మీ యింట బేరమాడు నేర్పుగల మనిషివి నీవొక్కతెవే. ఆ నేర్పునంతయు కూరల గంపలయొద్దను గౌనుల గుట్టలయొద్దను వ్యయపరచుచు, డబ్బు నిజముగా చేతులు మారు చోట్లకు, అనగా చీటీ పాటకు, ఇంటి యజమాని ముందటికి, పాప బడి రుసుముల కిటికీయొద్దకు, బేరమెరుగని మీవారిని పంపుచున్నారు. అందుచేత ఇంకను చౌక దుకాణము ఎచ్చటనున్నదను నీ ప్రశ్నకు నేను ఉత్తరమీయను. నీవు పోవలసిన బజారు వేరు.

మొదట అద్దె సంగతి. 2017లో మెట్రో రైలు తార్నాకలో ఆగుట మొదలైననాటి నుండి స్టేషనుకు గల దూరము కూడ అద్దెలో చేరినది. దానికి తోడు విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఏటేట గదులకై వచ్చుచుందురు గనుక యజమానులు తమదే పైచేయి యనుకొందురు. అయితే యేడాదికొక గుంపుగా మారు విద్యార్థులకంటె, సున్నము చెడకుండ ఇల్లు కనిపెట్టుకొని, ఒకటవ తారీఖున అద్దె చెల్లించు సంసారులు వారికెంతో హాయి. పదకొండు నెలల కాగితము తిరుగవ్రాయునాడు నీవు ముందు కూర్చుండి, రెండేండ్లు కదలమని మాట యిచ్చి, పెంపును తగ్గింపుమని అడుగుము. నెలకు అయిదువందలు తగ్గినను అది నీ మోండా మార్కెట్టు మిగులుబాటునకు మించిపోవును. సంచులు మోయవలసిన పనియు లేదు.

ఇక నీవు జీతమని పిలుచుకొను ఆ నోటుపుస్తకము. ఉద్యోగము మాని యింట నున్న చదువుకొన్న స్త్రీ, తానును ఇంటికి ఏదో తెచ్చుచున్నానని ఎవరికో రుజువు చూపవలెనని తహతహలాడుట నేనెరుగని విషయము కాదు. ఆ రుజువు ఎవరును నిన్ను అడుగలేదు. ఎనిమిది నెలల బిడ్డను పెంచుచు, ముసలివారిని చూచుకొనుచు, ఇల్లు నడుపునది ఏ లెక్కకును తీసిపోని పని. సంపాదన కావలెననియే నీకున్నయెడల, బాబు మరి కొంత ఎదిగిన పిమ్మట దానికి దారి మీ వీధిలోనే కలదు. 2018లో తెలంగాణ శాసనసభ పాఠశాలలలో తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. మీ చుట్టుప్రక్కల, హబ్సిగూడలోను తార్నాకలోను, భూభౌతిక పరిశోధన సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ, కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ యైన సీసీఎంబీ వంటి వాటిలో పనిచేయుటకై దేశపు నలుమూలలనుండి వచ్చిన కుటుంబములు అనేకమున్నవి. ఆ పిల్లలు గుణింతముల యొద్ద పడు తంటాలు చెప్పనలవి కాదు. తెలుగు ఎం.ఏ. చదివి, బడిలో పాఠము చెప్పిన మనిషి సాయంకాలము రెండు గంటలు ఇంటిలోనే చాప పరచి కూర్చుండిన, మోండా మార్కెట్టు వారమంతటిలో ఈయలేనిది ఒక్క పూటలో ఈయగలదు. 2023 డిసెంబరు నుండి స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనది నిజమే. దానివలన ఎందరో ఆడపిల్లలు చదువులకును ఉద్యోగములకును పోగలుగుచున్నారు. ఉచితమైనది టికెట్టు మాత్రమే. నీ మధ్యాహ్నము కాదు.

నీవు చేసిన కొనుగోళ్ళన్నిటిని నేను నిరసించుట లేదు. పెట్టుబడి చీరలను ఆషాఢములో కొనుట మన పెద్దలకును సమ్మతమైన పనియే. శ్రావణము రాగానే వ్రతములు, పెండ్లిండ్లు వెంటబడును, అప్పుడు అదే చీరకు ఎక్కువ పెట్టవలసి వచ్చును. చింతపండు, ఎండుమిరప వంటివి వేసవిలో ఏడాదికి సరిపడ కొనుటయు అట్టిదే. నాలుగు వాటాలవారు కలిసి మలక్‌పేట గంజిలో ఒక్క బస్తా దింపుకొని పంచుకొన్నచో ఇంకను మేలు. ఆ నలుగురిని కూడగట్టు పలుకుబడి నీకున్నదని నీవే వ్రాసితివి. కాని రెండేండ్ల తరువాతి గౌనులను ఇప్పుడే కొనుట నాకు నచ్చలేదు. పిల్లలు మన అంచనా ప్రకారము ఎదుగరు. ఎదిగినను అప్పటి వారి యిష్టములు వేరు. పాలలో కలుపు పొడి డబ్బాల విషయములో ఒక చిన్న సూచన: ఇప్పుడు ప్యాకెట్ల మీద మొత్తము ధరతో పాటు కిలోకో గ్రాముకో ఎంత పడుచున్నదో ముద్రింపవలెనను నియమము కలదు. ఆ చిన్న అక్షరముల వరుసను చదివినగాని, ఒకటి కొన్న ఒకటి ఉచితమనుటలో ఉచితమెంతయో తెలియదు. బండివాడు కొసరుగా వేసిన కరివేపాకు ఆ పూట పోపులోనే చెల్లిపోవును. డబ్బాల కొసరు గడువు తేదీ దాటువరకు అలమరలో కూర్చుండును.

పైగా ఆ పొడి నీ యింటికి అవసరమా? మీకు కూతవేటు దూరములో, జామై ఉస్మానియా యొద్ద, జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. వారు పిల్లలకొరకు రూపొందించిన హైదరాబాద్ మిక్స్ అను పొడిలో ఉండునవి వేయించిన గోధుమలు, శనగపప్పు, వేరుశనగ పలుకులు, బెల్లము. గోధుమపాలు హెచ్చుగా నుంచి, మిగిలినవి తగుమాత్రము కలిపి మిల్లులో ఆడించుకొన్నచో, ఆ రంగుల డబ్బా ఖరీదులో ఎన్నవ వంతుకు వచ్చునో నీవే లెక్క వేయగలవు. అత్తగారికి ఈ పని అప్పగింపుము. మౌనవ్రతము తనంతట వదలును. బాబునకు మాత్రము తల్లిపాలతో పాటు మెత్తగా మెదిపిన పప్పన్నము, ఆకుకూర చాలును. పిల్లల పళ్ళెములో మాత్రము పొదుపు చేయవలదు: గ్రుడ్డు, పప్పు, పాలు తగ్గించి మిగిల్చిన రూపాయి నోటుపుస్తకములో చేరరాదు.

టీకాలకు మీరు ప్రైవేటు ఆసుపత్రిలో వేలు పోయుచున్నారో లేదో నీవు వ్రాయలేదు. పోయుచున్నచో, సార్వత్రిక టీకాల కార్యక్రమము క్రింద ప్రభుత్వ పట్టణ ఆరోగ్య కేంద్రములలో పెంటావాలెంటు, రోటావైరసు, న్యుమోనియా టీకా, తట్టు-రుబెల్లా టీకా అన్నియు ఉచితముగా వేయుదురని గుర్తుంచుకొనుము. గడువు దాటకుండ టీకాల చీటీ చూచి తీసికొనిపోవుటయే కావలసినది.

ఇన్నిట మిగిలిన సొమ్ము ఎచ్చట నిలుపవలెననగా, మొదట మూడు నెలల యింటి ఖర్చు బ్యాంకులో కదలకుండ నుండవలెను. అది యున్ననాడు ఎవరును మూడవ నెలలో చీటీ పాడవలసిన గతి పట్టదు. ఇప్పటి చీటీ ముగిసిన మరునెలయే, ఆ వాయిదా సొమ్ము ఇంటి ఖర్చులో కరగకముందే, తపాలా కార్యాలయములో రికరింగ్ డిపాజిటు ప్రారంభింపుడు. పాప పేర సుకన్య సమృద్ధి ఖాతా తెరువుడు. పదేండ్లు నిండకముందే తెరువవలెను, ఏడాదికి 250 రూపాయలతోనైన నడుపవచ్చును. మరల చీటీ వేయదలచిన, అది చిట్ల రిజిస్ట్రారు వద్ద నమోదైనదా లేదా యని నీవు స్వయముగా కాగితము చూచి రమ్ము. పాటనాడు నీవును పక్కన కూర్చుండుము.

ఈ లేఖను మీవారికి కూడ చదివి వినిపింపుము. ఆదివారము సాయంకాలము పిల్లలను ఆర్ట్స్ కళాశాల ముంగిట పరుగెత్తనిచ్చి, ఆ మెట్లమీద మీరిరువురును జీతము చీటీలు, అద్దె రసీదులు, బడి రుసుముల కాగితములు, నీ నోటుపుస్తకము అన్నియు ఒక్కచోట పరచి కూర్చుండుడు. ఆయన మరల నీ పొదుపును హాస్యము చేసినయెడల, అరువదివేల సంగతి నీవు ఎత్తవలదు. ఒక్కసారి చెప్పిన చాలును.

పొడి డబ్బాలలో తెరువనివి ఎన్ని యున్నవో చూచి, గడువు తేదీ దాటకముందే బిల్లుతో సహా దుకాణమునకు తీసికొనిపోయి, మార్చి మరేదైన సరుకు ఇమ్మని అడుగుము. ఇయ్యమందురు. ఆపై ఎట్లు మాటలాడవలెనో నీకు నేర్పనక్కరలేదు.