ప్రవచనమును నెరవేర్పును: యూదులకును క్రైస్తవులకును గల వివాదమును గూర్చిన పాఠము



మన మదనపల్లె పుంగనూరు ప్రాంతములకు క్రైస్తవాలయము క్రొత్తది కాదు. అమెరికా దేశపు ఆర్కాటు మిషనుకు చెందిన జేకబ్ చాంబర్లేను దొర 1863వ సంవత్సరమున మదనపల్లెలో నెలకొనెను. పిమ్మట తెలుగు బైబిలును సవరించు పనిలో చిరకాలము పాటుపడెను. నాటినుండి క్రిస్మసు దినములందు ఈ యాలయములలో యెషయా ప్రవక్త మాటలు చదువబడుచు, అవి యేసుక్రీస్తునందు నెరవేరినవని బోధింపబడుచున్నది. కాని, ఆ మాటలను తమ భాషలో వ్రాసి, తరతరములుగా కాపాడి, నేటికిని తమ ప్రార్థనామందిరములందు చదువుకొను యూదులు ఆ నెరవేర్పు నంగీకరింపరు. గ్రంథమొక్కటి; వారసులిద్దరు; అర్థములు రెండు.

ఇది పరదేశీయుల తగవు, మనకేల యని కొందరనవచ్చును. అది సరికాదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు సమీపమునగల కొత్తరెడ్డిపాలెమున, పూర్వము క్రైస్తవ సంఘమునకు చెందిన కొన్ని మాదిగ కుటుంబములవారు 1980ల దశకము మొదలుకొని యూదాచారములను పాటించుచు, తాము బెనె ఎఫ్రాయీములమని చెప్పుకొనుచున్నారు. కనుక ఈ వివాదమునకు రెండు ప్రక్కలను తెలుగువారే యున్నారు. అంతకంటె ముఖ్యమైన కారణము వేరొకటి కలదు. దానిని తుదిని చెప్పెదను.

1. ఒక మాటపై వివాదము

యెషయా గ్రంథము ఏడవ యధ్యాయమున నున్న సందర్భమును ముందు తెలిసికొందము. క్రీ.పూ. 734 ప్రాంతమున యూదా రాజైన ఆహాజుపై సిరియా రాజగు రెజీనును, ఇశ్రాయేలు రాజగు పెకహును కలిసి దండెత్తిరి. రాజు భయపడెను. అప్పుడు ప్రవక్త, ఒక స్త్రీ కుమారుని కనుననియు, ఆ శిశువునకు మంచిచెడ్డల వివేకము కలుగకమునుపే ఆ యిద్దరు రాజుల దేశములు పాడగుననియు గురుతు చెప్పెను. క్రీ.పూ. 732లో దమస్కు అష్షూరు రాజు వశమయ్యెను.

ఆ స్త్రీని చెప్పుటకు హెబ్రీ మూలమున వాడబడిన మాట ‘అల్మా’. వయసు వచ్చిన పడుచు అని దాని యర్థము. పురుషసంబంధ మెరుగని యువతి యని స్పష్టముగ చెప్పవలసినచోట హెబ్రీయులు సాధారణముగ ‘బెతూలా’ యను మాటను వాడుదురు. అయితే క్రీస్తుకు పూర్వమే అలెగ్జాండ్రియా యూదులు తమ గ్రంథములను గ్రీకు భాషలోనికి మార్చినప్పుడు ఇచ్చట ‘పార్థెనోస్’ అని వ్రాసిరి. ఆ మాటకు కన్య యని ప్రసిద్ధార్థము. మత్తయి తన సువార్త మొదటి యధ్యాయమున ఆ గ్రీకు పాఠము ననుసరించి, యేసు జననమున ఈ ప్రవచనము నెరవేరెనని వ్రాసెను.

మాట సరిహద్దు దాటినప్పుడు అర్థమెట్లు జరుగునో కుప్పము వాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. ‘అవసరము’ అని తెలుగువాడనిన కావలసినదని యర్థము; తమిళుడనిన తొందర యని యర్థము. ఇద్దరిలో నెవ్వడును మోసగాడు కాడు. అయినను ఆ మాటపై నొక ఒప్పందము నిలిచినయెడల, అది ఏ భాషలో మొదట వ్రాయబడెనో చూడక న్యాయాధిపతి తీర్పు చెప్పజాలడు.

క్రీ.శ. రెండవ శతాబ్దమున జస్టిన్ అను క్రైస్తవ పండితుడు, ట్రైఫో అను యూదునితో వాదించినట్లు వ్రాసిన గ్రంథమున ఈ యాక్షేపణయే కనబడును. అది యువతి యను మాటయే కాని కన్య కాదనియు, ఆ ప్రవచనము ఆహాజు కుమారుడైన హిజ్కియాను గూర్చినదనియు ట్రైఫో వాదించెను. ఆ శతాబ్దముననే అకీల మొదలగువారు చేసిన క్రొత్త గ్రీకు తర్జుమాలలో ‘నెయానిస్’, అనగా యువతి, అను మాట చేరెను. 1947లో మృతసముద్రపు గుహలలో దొరకిన యెషయా గ్రంథపు చుట్ట క్రీస్తుకు సుమారు నూరేండ్లు పూర్వపుది. అందును ‘అల్మా’ యనియే యున్నది. కాబట్టి క్రైస్తవులకు ప్రతికూలముగా యూదులు ఈ మాటను తరువాత మార్చిరనుటకు చోటు లేదు. 1952లో వెలువడిన యొక యాంగ్ల తర్జుమా ఇచ్చట యువతి యని వ్రాయగా అమెరికాలో గొప్ప అలజడి పుట్టెను.

ఇంతటితో యూదుల వాదము గెలిచినదని తొందరపడరాదు. ఆదికాండమున పెండ్లికాని రిబ్కాను సైతము అల్మా యనిరి. కాబట్టి ఆ మాట కన్యాత్వమును నిషేధించునది కాదు. గ్రీకు తర్జుమా చేసినవారు యూదులే. వారికి క్రైస్తవ పక్షపాతముండుట కవకాశము లేదు. మరియు హిజ్కియా యనుటకు నొక చిక్కు కలదు. ఆహాజు పదునారేండ్లు పాలించెను. హిజ్కియా యిరువదియైదవయేట రాజయ్యెను. లెక్కింపగా తండ్రి పట్టాభిషేకము నాటికే కుమారునికి తొమ్మిదేండ్లు. అట్టివాడు పుట్టబోవు శిశువెట్లగును? పదునొకండవ శతాబ్దపు యూద వ్యాఖ్యాత రాషి ఈ చిక్కును చూపి, ఆ స్త్రీ ప్రవక్త భార్యయే యని చెప్పెను.

మన తెలుగు బైబిలున ‘కన్యక’ యని యున్నది. వివాహము కాని పడుచునంతటిని మనము కన్య యందుము. కన్యాదాన మనుట యందుచేతనే. కన్యకు పుట్టినవానిని కానీనుడని మన ధర్మశాస్త్రములు పేర్కొనుచున్నవి, కర్ణుడట్టివాడు. కనుక అల్మా యను మాటలోని సందిగ్ధత మన మాటలోను ఇమిడియే యున్నది.

2. బాధనొందిన సేవకుడు

యెషయా గ్రంథపు ఏబదిమూడవ యధ్యాయమున, నిరపరాధియై యితరుల పాపములకై బాధపడిన యొక దైవసేవకుని వర్ణన కలదు. క్రైస్తవులకు దీనికంటె ప్రియమైన పాఠము పూర్వగ్రంథమున మరియొకటి లేదనవచ్చును. సిలువ మరణము వారికందు కన్నులకు కట్టినట్లు కనబడును. ఆ సేవకుడు ఇశ్రాయేలు జనమంతయు ననియు, అన్యజనుల నడుమ చెదరి బాధపడినవారు తామే యనియు యూదులు చెప్పుదురు. ఈ యర్థము తరువాత కల్పింపబడినది కాదు, క్రీ.శ. 248 ప్రాంతమున ఓరిజెన్ అను క్రైస్తవాచార్యుడే యూదులట్లు చెప్పగా తాను వింటినని వ్రాసెను. రాషియు ఈ యర్థమునే స్థాపించెను. ఆయన జీవితకాలముననే, 1096లో, రైన్ నదీతీరపు యూదులు క్రూసేడు సైనికులచేత వధింపబడిరి. నిరపరాధుల బాధను గూర్చిన ఆ యధ్యాయమును వారు తమ చరిత్రగా చదువుకొనిరనిన నాశ్చర్యమేమి?

ఇందును ఇరుప్రక్కల బలము కలదు. యెషయా గ్రంథమున నలువదియొకటవ యధ్యాయము మొదలు పలుమారులు ఇశ్రాయేలునే సేవకుడనిరి; ఇది యూదులకు సాధకము. నలువదితొమ్మిదవ యధ్యాయమున ఆ సేవకుడు ఇశ్రాయేలును తిరిగి రప్పించువాడనియు నున్నది. జనమే జనమును రప్పించుటెట్లని క్రైస్తవులు ప్రశ్నింతురు. ఆరమాయికమున యూదులు చేసికొన్న ప్రాచీన వివరణమున సేవకుడు మెస్సీయ యనియే కలదు. అయితే బాధలు మాత్రము ఆయనకు కాక యితరులకు చెప్పబడినవి.

3. మెస్సీయ చేయవలసిన కార్యము

1263లో స్పెయిను దేశమున బార్సిలోనా నగరమందు, అరగాను రాజగు జేమ్సు సమక్షమున, నాఖ్మనీదు అను యూద పండితునికిని, యూదులలోనుండి క్రైస్తవుడైన పాబ్లో అను సన్న్యాసికిని వాదము జరిగెను. నాఖ్మనీదు మాటల తగవుతో తృప్తినొందలేదు. మెస్సీయ రాకచే జనములు కత్తులను నాగటి నక్కులుగా మార్చుకొని యుద్ధవిద్యను మరతురని ప్రవక్తలు చెప్పిరి; యేసు దినములనుండి నేటివరకు లోకము దౌర్జన్యముతో నిండియున్నది గదా యని రాజు నెదుటనే యనెను. క్రైస్తవుల ప్రత్యుత్తరము, మెస్సీయ రాక రెండు మారులనియు, మొదటిది పాపక్షమకు, రెండవది రాజ్యస్థాపనకు ననియు. దస్తావేజుల భాషలో చెప్పవలెనన్న, షరతు తీరలేదని యొకరు, మొదటి వాయిదా చెల్లినది రెండవది మిగిలియున్నదని మరియొకరు. వాదమునకు స్వేచ్ఛ నిచ్చిరి కాని, తన వాదమును వ్రాసి ప్రకటించినందుకు నాఖ్మనీదు విచారణ పాలై, తుదకు దేశము విడిచి పాలస్తీనకు పోవలసి వచ్చెను. అధికారము ఒక పక్షమున నున్నప్పుడు వ్యాఖ్యానభేదము అపరాధమగుట కిది నిదర్శనము.

4. ఇరువురి పద్ధతియు నొక్కటే

హోషేయ ప్రవక్త, ఐగుప్తునుండి దేవుడు తన కుమారుని పిలిచెనని చెప్పినది, జరిగిపోయిన ఇశ్రాయేలు నిర్గమనమును గూర్చి. మత్తయి దానిని బాలయేసునకు చెప్పెను. ఇది వక్రమార్గమని మనకు తోచును. కాని మృతసముద్రపు చుట్టలలో హబక్కూకు ప్రవచనమునకు వ్రాసిన వివరణమున, యేసు నెరుగని యూదులే పూర్వప్రవక్త మాటల నట్లే తమ కాలమునకు, తమ గురువునకు అన్వయించుకొనిరి. క్రీ.శ. 132లో రోమకులపై తిరుగుబాటు నడపిన బార్ కోఖ్బాను అకీబా అను మహాపండితుడు, యాకోబులో నుదయించు నక్షత్రమును గూర్చిన పూర్వవచనము నాధారముగా, మెస్సీయ యని యెంచెను. 135లో ఆ తిరుగుబాటు రక్తప్రవాహమున ముగిసెను. విశ్వాసము మొదట ఒక వ్యక్తిని చూచును. తరువాత గ్రంథమును తెరచి ఆయన పేరు వెదకును.

ఇట్టి యాశ మన మదనపల్లెను కూడ తాకినది. 1895లో ఇచ్చట జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని రాబోవు జగద్గురువునకు పాత్రగా దివ్యజ్ఞానసమాజ నాయకులు ప్రకటింపగా, 1911లో ప్రాగ్దిశా నక్షత్ర సంఘము వెలసెను. ఆ పేరే మత్తయి చెప్పిన నక్షత్రమును తలపునకు తెచ్చుచున్నది. 1929వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీని హాలండు దేశపు ఓమెన్‌లో కృష్ణమూర్తి తానే ఆ సంఘమును రద్దుచేసెను. ఎదురుచూచువారి శ్రద్ధ యెంత నిష్కపటమైనను, అది నెరవేర్పునకు రుజువు కానేరదు.

5. మనము గ్రహింపవలసినది

రాజా రామమోహనరాయలు 1820లో యేసు నీతిబోధలను సంపుటముగ ప్రకటింపగా, శ్రీరామపురపు మిషనరీ మార్ష్‌మన్ దొర ఆక్షేపించెను. క్రీస్తు దైవత్వమునకు హెబ్రీ ప్రవచనములు సాధకములనగా, రాయలు హెబ్రీ గ్రీకు మూలములను శోధించి, యెషయా మాటలు ఆ కాలపు హిజ్కియాకే మొదట చెల్లునని ప్రత్యుత్తరమిచ్చెను. అంతకుముందు ఆయన గ్రంథముల నచ్చువేసిన మిషను ముద్రాలయము 1823 నాటి తుది ప్రత్యుత్తరమును నిరాకరింపగా, తానే ముద్రాలయమును స్థాపించెను. మూలమును చూడవలెనను ఆయన పట్టుదల మనకు శిరోధార్యము. అయినను హిజ్కియాను గూర్చి పైన చెప్పిన చిక్కు ఆయన వాదమునకును తగులును. మన పెద్దలని వేరొక త్రాసు పెట్టరాదు.

తుదిని చెప్పెదనన్న కారణ మిదియే. 1875లో కృష్ణమోహన బెనర్జీ అను వంగదేశ క్రైస్తవ పండితుడు, వేదములలోని ప్రజాపతి యాగము క్రీస్తు బలికి ఛాయ యని గ్రంథము వ్రాసెను. వేదాధ్యాయులు దీనిని విని, మా గ్రంథమును మమ్మడుగక యర్థము చెప్పుటేమని నొచ్చుకొందురు. ఆ నొప్పి నెరిగినవారికి యూదుని నొప్పి తెలియును. మనవారును పూర్వగ్రంథములలో నేటి యంత్రములను, నేటి నాయకులను వెదకి, ముందే చెప్పబడినదని సంతోషించుట లేదా?

కావున నా విన్నపమిది. ప్రవచనము మొదట తన్ను విన్నవారిది. భయపడిన ఆహాజునకు ఏడు వందల యేండ్ల తరువాతి గురుతు మాత్రమే యిచ్చినచో ఆ రాత్రి ఆతనికి ధైర్యమేమి? ఈ మొదటి యర్థమును ముందు నిలువబెట్టవలెను. అటుపిమ్మట ఒక సంఘము ఆ మాటలో తన యనుభవమును చూచుకొనిన, అది వారి విశ్వాససాక్ష్యము, గౌరవింపదగినది. కాని సాక్ష్యము వేరు, ప్రతివాదిని బంధించు రుజువు వేరు. 2001లో రోమకమత సంఘపు బైబిలు పండితమండలి, యూదులు తమ గ్రంథమును చదువు విధమును సాధ్యమైన చదువేయని యొప్పుకొనెను. ఇరువది శతాబ్దముల తగవులో ఆ యొప్పుకోలు అల్పము కాదు. కొత్తరెడ్డిపాలెపు తెలుగు యూదుడును, మదనపల్లె తెలుగు క్రైస్తవుడును ఒకే యధ్యాయమును చదివి, ఒకరినొకరు అబద్ధికుడనకుండ లేచిపోగలిగినచో, కత్తులు నాగటి నక్కులగునని చెప్పిన ప్రవచనము ఆ మేరకైనను నెరవేరినట్లే.

చర్చకు ప్రశ్నలు

1. గ్రంథము యొక్క మొదటి యర్థమునకును, తరువాతివారు కనుగొన్న యర్థమునకును భేదమేమి?
2. విశ్వాససాక్ష్యమును రుజువుగా వాడుటవలన చరిత్రయందు కలిగిన హాని యెట్టిది?
3. మన గ్రంథములను మనము చదువునప్పుడు ఈ నియమమును ఎంతవరకు పాటించుచున్నాము?