పాత పిస్టన్ పారేయకండి

భిలాయిలో 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఆ కర్మాగారాన్ని నమ్ముకుని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలెన్నో. వాళ్ల ఇళ్లలో స్పానర్ పట్టని చెయ్యి అరుదు. అందుకేనేమో, ఈసారి ఉత్తరాలన్నీ టూ స్ట్రోక్ ఇంజిన్ల మీదే.

ప్రశ్న: మెషిన్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. భీమిలిలో మా బావమరిది పడవకు వాడే 9.9 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ ఇంజిను పట్టేసింది. "నువ్వైతే చేసేస్తావు బావా" అంటూ ఇక్కడికి పంపాడు. ఈ ఊళ్లో సముద్రమూ లేదు, ఆ మెకానిక్కూ లేడు. పిస్టన్లు, రింగులు తెప్పించి వేస్తే చాలా?
– సెక్టార్-6, భిలాయి

జవాబు: చాలదు. ముందు పాత పిస్టన్లను వెలుతురులో తిప్పి చూడండి. గీతలు ఎగ్జాస్ట్ వైపే ఉంటే మిశ్రమంలో గాలి ఎక్కువై వేడెక్కిందని అనుమానించాలి. ఇన్‌టేక్ వైపు ఉంటే ఆయిల్ చాలలేదేమో చూడాలి. చుట్టూ ఉంటే నీరు సరిగా అందక ఇంజిను కాగిపోయి ఉండొచ్చు. ఉప్పునీటిలో తిరిగే ఇంజినులో ఈ మూడోదాన్ని తప్పకుండా వెతకాలి. అడుగున ఉండే రబ్బరు ఇంపెల్లర్ నీటిని పైకి తోడుతుంది. దాని రెక్కలు అరిగినా, సిలిండర్ చుట్టూ ఉన్న నీటి దారులు ఉప్పుతో, ఇసుకతో పూడినా ఇంజిను చల్లబడదు. వాటిని వదిలేసి కొత్త పిస్టన్ వేయడం చెమ్మగోడకు సున్నం కొట్టడమే.

విప్పేటప్పుడు ఉప్పు పట్టిన బోల్టులతో తొందరపడకండి. స్పానర్‌కు పైపు తొడిగి లాగితే బోల్టు తల ఊడి చేతికొస్తుంది. తుప్పు వదిలించే నూనె రాత్రంతా పట్టించి, పొద్దున హాట్ ఎయిర్ గన్‌తో బోల్టు చుట్టూ వేడి చేయండి. ఉక్కు కన్నా అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. ఉక్కు ఊళ్లో పనిచేసిన మీకు ఇది కొత్త కాదు.

బిగించాక ఇంజినును నీళ్ల డ్రమ్ములో దించి, న్యూట్రల్‌లోనే నడిపి చూడండి. నీరు లేకుండా కొద్ది క్షణాలు తిరిగినా ఇంపెల్లర్ పాడవుతుంది. పక్కనుంచి నీటి ధార ఆగకుండా రావాలి. వేట నుంచి రాగానే మంచినీటితో నడిపి కడగమని మీ బావమరిదికి చెప్పండి. అది కిరోసిన్ ఇంజినైతే, ఆపే ముందు కాసేపు పెట్రోలు మీద నడిపితే మర్నాడు సులువుగా స్టార్టవుతుంది. తిరిగి రైల్లో పార్సిల్ చేసేటప్పుడు ట్యాంకులో, కార్బరేటర్‌లో చుక్క పెట్రోలు కూడా ఉండకూడదు.

ప్రశ్న: నా ఆర్ఎక్స్ 100కు బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేశాను. దుర్గ్ చేరకుండానే మళ్లీ సీజ్ అయింది. పిస్టన్ నకిలీదా?
– ఖుర్సీపార్

జవాబు: కావచ్చు. కానీ నేరం పిస్టన్ మీదకు నెట్టే ముందు నాలుగు విషయాలు చూడండి. ఒకటి, బోరు కొట్టేవారికి పిస్టన్ ముందే ఇచ్చారా? ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెరుగుతాయి. అయినా చేతిలో ఉన్న పిస్టన్‌ను కొలిచి, దానికి తగ్గ సందు ఉంచి బోరు కొట్టాలి. రెండు, బోరు కొట్టాక పోర్టుల అంచులు కత్తిలా మిగులుతాయి. వాటిని సన్నగా గుండ్రం చేయకపోతే రింగు తగులుకుంటుంది. మూడు, రింగును బోరులోకి నెట్టి దాని కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. మీ బండి 50 మి.మీ. బోరుకు అది పావు మిల్లీమీటరుకు అటూఇటూగా ఉండాలి. నాలుగోది చాలామంది మరిచేది: మ్యాగ్నెట్ వైపు ఆయిల్ సీల్. అది కారితే క్రాంక్‌కేస్ బయటి గాలి పీలుస్తుంది, మిశ్రమం పలచబడుతుంది, ఇంజిను కాగిపోతుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ దారులను రబ్బరు ముక్కలతో బిగించి మూయండి. ప్లగ్ రంధ్రానికి గొట్టం అమర్చి, పాత బీపీ మీటరు బల్బుతో గాలి కొట్టండి. ముల్లు 250 దగ్గర ఆపితే అది సుమారు 5 పీఎస్ఐ. కాసేపు అక్కడే నిలిస్తే సీళ్లు బాగున్నట్టే. జారితే సబ్బునీళ్లు పూయండి, బుడగ లేచిన చోటే లీకు.

ప్రశ్న: మా ఆయన స్కూటర్ బేరింగులు దించడానికి క్రాంక్‌కేస్‌ను నా కేకుల ఓవెన్లో పెడతానంటున్నారు. బాల్కనీలో టబ్బు నిండా పెట్రోలు పోసి విడిభాగాలు కడుగుతున్నారు. మీరైనా చెప్పండి.
– హుడ్కో

జవాబు: ఓవెన్ మీదే అమ్మా, ఇవ్వకండి. నూనె పొగలు అంటిన పెట్టెలో మళ్లీ వంట చేయలేరు. పెట్రోలు ఆవిరి మిగిలి ఉంటే మంటే అంటుకోవచ్చు. ఆయనతో ఇలా చెప్పండి: పెట్రోలుకు బదులు డీజిల్‌తో ఆరుబయట కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత బయటే ఎలక్ట్రిక్ హాట్ ప్లేట్ మీద నెమ్మదిగా వేడి చేయాలి. నీటి చుక్క పడగానే చుయ్‌మంటే ఆ వేడి చాలు. కొత్త బేరింగును కవరులో చుట్టి ఫ్రీజర్లో పెడితే కుంచించుకుని సుత్తి దెబ్బ లేకుండా కూర్చుంటుంది. ఫ్రీజర్ మూల ఒకటి ఇవ్వండి, రాజీ కుదురుతుంది.

ప్రశ్న: నాన్నగారి చేతక్ తెల్లగా పొగ కక్కుతోంది, గేర్ ఆయిల్ తగ్గిపోతోంది. ఇంజిను మొత్తం ఇంట్లోనే చేసుకోవచ్చా?
– సెక్టార్-10

జవాబు: ఆ రెండు గుర్తులూ కలిస్తే క్రాంక్‌కు క్లచ్ వైపున్న ఆయిల్ సీల్ పోయినట్టు. గేర్ ఆయిల్ లోపలికి వెళ్లి కాలుతోంది. సీళ్లు, గాస్కెట్లు, బేరింగులు, కార్బరేటర్ ఇంట్లో చేసుకోండి. బోరింగు, క్రాంక్ పిన్ మార్చడం, క్రాంక్ సరిచూడటం లేత్ షాపుకే ఇవ్వండి. కనెక్టింగ్ రాడ్‌ను పట్టి పైకీ కిందికీ లాగితే ఏమాత్రం ఆడకూడదు. పక్కలకు కొద్దిగా కదిలితే ఫరవాలేదు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది కాబట్టి పాత రబ్బరు పైపు, వాషర్లు మార్చేయండి. లీటరుకు 20 మి.లీ. 2టీ ఆయిల్ కలపండి. క్రాంక్‌కేస్ మాత్రం వీలైనంతవరకు మార్చకండి. ఇంజిన్ నంబరు దాని మీదే ఉంటుంది. మారిస్తే ఆర్టీవో కార్యాలయంలో ఆర్సీ కూడా సరిచేయించాల్సి వస్తుంది.