వైద్య విద్యార్థి నేర్వవలసిన మరొక పాఠం: మందు మిగిల్చే మాలిన్యం

చరక సంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయానికి జనపదోద్ధ్వంసనీయమని పేరు. పాంచాల దేశమందలి కాంపిల్య నగర సమీపాన, గ్రీష్మాంతంలో, గంగాతీరపు అడవిలో నడుస్తూ పునర్వసు ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశునికి చెప్పిన పాఠమిది. మనుషుల ప్రకృతి వేరు, ఆహారం వేరు, బలం వేరు, వయస్సు వేరు. అయినప్పటికీ ఒకే కాలంలో ఒకే వ్యాధితో జనపదాలు ఎందుకు నశిస్తాయని శిష్యుని సందేహం. గాలి, నీరు, దేశం, కాలం అనే నాలుగూ అందరికీ ఉమ్మడివని, అవి చెడినప్పుడు అందరూ ఒక్కసారిగా వ్యాధిగ్రస్తులవుతారని గురువు సమాధానం. నేల సారం కోల్పోకముందే ఓషధులను సేకరించి ఉంచుకొమ్మని కూడా ఆయన హెచ్చరించాడు. వైద్యవిద్యలో పర్యావరణం కొత్తగా చొరబడిన విషయం కాదని తెలుపుటకే దీనిని ముందుగా ప్రస్తావించాను.

అయితే అగ్నివేశుడు అడగని ప్రశ్న ఒకటి ఉన్నది. వైద్యమే గాలిని, నీటిని చెరిపిన యెడల ఏమి చేయవలెను? ఆ కాలంలో అట్టి ప్రశ్నకు అవసరం కలుగలేదు. నేడు కలిగింది.

2023లో వికారాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. పరిగి, తాండూరు ప్రాంతాల ప్రజలకు ఇది సంతోషకరమైన విషయం. సామాజిక వైద్యశాస్త్ర పాఠ్యప్రణాళికలో ఆసుపత్రి వ్యర్థాల వర్గీకరణ, శుద్ధి పద్ధతులు, వాటికి సంబంధించిన చట్టాలు ఉన్నాయి. శిక్షణలో ఉన్న యువ వైద్యులతో మాట్లాడే అవకాశం కలిగినప్పుడల్లా, ఆ పాఠం చెత్తబుట్టల రంగులతో ముగిసిపోరాదని నేను చెబుతుంటాను.

రంగుల విషయం క్లుప్తంగా చెబుతాను. మన దేశంలో ఈ నిబంధనలు మొదట 1998లో వచ్చాయి. 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. రక్తం అంటిన దూది, కట్లు, కాలం చెల్లిన మందులు పసుపు సంచిలోనికి; సెలైన్ గొట్టాలు, చేతి తొడుగుల వంటివి ఎర్ర సంచిలోనికి; సూదులు చిల్లుపడని తెల్లని పెట్టెలోనికి; గాజు సీసాలు నీలం పెట్టెలోనికి పోవలెను. ఆసుపత్రి చెత్తలో సుమారు 85 శాతం మన ఇంటి చెత్త వంటిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మిగిలిన 15 శాతాన్ని దానితో కలిపిన క్షణాన మొత్తం ప్రమాదకరమవుతుంది. క్లోరిన్ కలిసిన ప్లాస్టిక్కును సరైన పద్ధతి లేకుండా తగులబెడితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. కనుకనే ఆసుపత్రి వెనుక గోతిలో నిప్పు పెట్టడం శుభ్రత అనిపించుకోదు.

ఇంతవరకు కంటికి కనిపించే చెత్త. కనిపించనిది అంతకంటె గొప్ప పాఠం. దానికి మన రాష్ట్రమే ఉదాహరణగా నిలవడం విచారకరం. పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుండి వెలువడిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. శుద్ధి అయిన ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. దినానికి సుమారు 45 కిలోల మందు నీటిలో కలిసిపోతున్నదని వారి అంచనా. తొంభై లక్షల జనాభా గల స్వీడన్ దేశమంతా అయిదు రోజులలో వాడే పరిమాణమది. ఆ వైపు వాగులు చివరకు మంజీరను చేరుతాయి.

దీనివలన రోగికి కలిగే నష్టమేమి? నీటిలో, బురదలో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. మందు తగిలినప్పుడు బలహీనమైనవి చస్తాయి. తట్టుకోగలిగినవి మిగిలి వృద్ధి చెందుతాయి, ఆ శక్తిని పొరుగు జాతుల సూక్ష్మజీవులకు సైతం పంచగలవు. రేపు పరిగిలో ఒక బిడ్డకు టైఫాయిడు వచ్చి, వాడిన మందు పనిచేయకపోతే, దాని మూలం ఆ ఇంట్లోనే ఉండనక్కరలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1923లో అమెరికా వెళ్లిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనాశాల నుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. అంతటి శ్రమఫలాన్ని వాగులో కలిపి వ్యర్థపరచడం నాకు మింగుడుపడని విషయం.

రాబందుల కథ కూడా విద్యార్థులకు తప్పక చెప్పదగినది. పశువులకు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఇచ్చేవారు. ఆ పశువుల కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చాయి. కారణం 2004లో వెల్లడయింది. 2006లో పశువైద్యంలో ఆ మందును మన దేశం నిషేధించింది. అప్పటికే కొన్ని జాతులు నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా తరిగిపోయాయి.

గాలి విషయానికి వస్తే, ప్రపంచపు వేడిని పెంచే వాయువులలో 4.4 శాతం వైద్యరంగం నుండి వస్తున్నదని 2019నాటి ఒక అంచనా. మత్తు కొరకు వాడే డెస్‌ఫ్లూరేన్, ఆయాసానికి వాడే పీల్చే డబ్బాలలోని చోదక వాయువు బొగ్గుపులుసు వాయువు కంటె అనేక వందల రెట్లు వేడిని నిలుపుతాయి. పొడి రూపపు పీల్చే మందులలో ఈ వాయువు ఉండదు. బండల గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్న తాండూరు ప్రాంతపు పాఠకులకు ఒక మాట స్పష్టంగా చెప్పవలెను: ఇది చదివి ఎవరూ తమ మందు మానరాదు. మార్పు వైద్యుడు చేయవలసినది. పొడిని బలంగా పీల్చలేని పిల్లలకు, వృద్ధులకు డబ్బాయే శరణ్యం.

మన వైద్యం నిర్దోషి అని గర్వించడం కూడా తగదు. సర్పగంధ, గుగ్గులు నేడు అడవులలో అరుదైపోవుటకు అతిగా తవ్వడం, చెక్కడమే ప్రధాన కారణాలు. మూసీ జన్మస్థానమైన అనంతగిరి కొండల ఓషధులకూ అదే ముప్పు పొంచి ఉన్నది. నిజాం కాలం నుండి ఆ కొండపై క్షయ రోగులకు చికిత్స జరిగినది అక్కడి గాలి మంచిదని నమ్మకం వలననే. ఆకుతో తీరే పనికి వేరు పెరికే వైద్యుణ్ణి నేను మంచి వైద్యుడనను.

గృహస్థులకు ఈ పాఠంతో పని ఏమని అడుగవచ్చు. సూది వేయనిదే, సెలైన్ ఎక్కించనిదే వైద్యం జరగలేదని భావించేది మనమే కదా! సాధారణ విరేచనాలకు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు సరిగా కలిపి తాగిస్తే సరిపోయే చోట, సీసా, గొట్టం, సూది, అన్నీ అనవసరపు చెత్తే. మగతగా ఉన్న బిడ్డను, తాగినది నిలుపుకోలేని బిడ్డను మాత్రం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. జలుబుకు యాంటీబయాటిక్ వ్రాయని యువ వైద్యుడు అనుభవం లేనివాడని తలచి మరొకరి వద్దకు పోవద్దు.

మిగిలిన మాత్రలను మరుగుదొడ్డిలో, మురుగుకాలువలో వేయరాదు; వైద్యుడు ప్రత్యేకంగా చెప్పిన కొన్ని తీవ్రమైన మత్తుమందులు మాత్రమే ఇందుకు మినహాయింపు. ఇన్సులిన్ సూదులను మూత గట్టిగా బిగిసే మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, నిండిన తరువాత ఆసుపత్రిలో అప్పగించవలెను. ఇంట్లో పాత పాదరసపు జ్వరమాపకం పగిలితే పిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరచి, చీపురు తాకించక, బిరుసు కాగితంతో బిందువులను చేర్చి నీరున్న చిన్న సీసాలోనికి ఎత్తి మూత బిగించవలెను. ఆ సీసాపై పాదరసమని వ్రాసి పెట్టడం మరువరాదు.