క్లోరిన్ అనలైజర్ సున్నా చూపిస్తే ఏం చేయాలి?

ఫిల్టర్ హౌస్ గోడ మీది ఆన్‌లైన్ అనలైజర్ సున్నా చూపించగానే క్లోరినేటర్ దగ్గరికి పరుగెత్తకండి. ఆ మీటరు తన దాకా వచ్చిన నీళ్లనే కొలుస్తుంది. మెయిన్ లైనులో ఏం జరుగుతోందో దానికి తెలియదు. కొత్తగా డ్యూటీలో చేరినవాళ్లు ముందు ఈ సంగతి పట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేది డీపీడీ రకం మీటరు గురించి. ఇది నీళ్లలో రీఏజెంటు కలిపి, వచ్చిన గులాబీ రంగును కాంతితో కొలుస్తుంది. రీఏజెంటు అక్కర్లేని ఎలక్ట్రోడ్ రకం కూడా ఉంది కానీ, దాని రీడింగు పీహెచ్ మారినా కదులుతుంది, శాంపిల్ ఫ్లో మారినా కదులుతుంది.

శాంపిల్ లైనుతో మొదలుపెట్టండి. క్లోరిన్ బాగా కలిసిన తర్వాతి చోటు నుంచి, పైపు పక్క భాగం నుంచి నీళ్లు తీయాలి. పై నుంచి తీస్తే గాలి, కింది నుంచి తీస్తే మడ్డి వస్తాయి. లైను పొడుగైతే రీడింగు ఆలస్యమవుతుంది, దారిలో కొంత క్లోరిన్ కూడా ఖర్చవుతుంది. జాలీ శుభ్రంగా ఉందా, డ్రెయిన్ అడ్డం లేకుండా పోతోందా చూడండి.

రీఏజెంటు సీసాలు రెండు: బఫర్, ఇండికేటర్. గ్లవ్స్ వేసుకుని ఇండికేటర్ ద్రావణంలో డీపీడీ పొడి కలిపి, సీసా మీద తేదీ రాయండి. సుమారు నెల వస్తుంది. మిగిలిన పాతదాన్ని కొత్తదాంట్లో పోయొద్దు. సీసాలోనే గులాబీ రంగు తిరిగితే ఆ ఇండికేటర్ పాడైనట్టే.

మీటరు ఆన్ చేసేటప్పుడు ముందు నీళ్లు వదలండి, తర్వాత కరెంటు. ట్యూబుల్లో బుడగలు పోయి రీడింగు నిలకడ పడేదాకా, అంటే గంటా రెండు గంటలు, ఆ అంకెను నమ్మొద్దు. ఆ తర్వాత కూడా కొత్త అంకె రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ప్రతిసారీ మీటరు రీఏజెంటు కలపకముందే నీళ్లను ఒకసారి చూసుకుంటుంది కాబట్టి కాస్త మడ్డి ఉన్నా లెక్క తప్పదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వినియోగదారుడి కుళాయి దగ్గర ఫ్రీ క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వైరస్ నుంచి రక్షణ కావాల్సినప్పుడు 0.5. దారిలో తగ్గేది కలుపుకుని ప్లాంటు దగ్గర ఇంకా ఎక్కువ ఉంచుకోవాలి.

ఇప్పుడు సున్నా సంగతి. మీటరు పక్కనే, అదే శాంపిల్ లైను నుంచి నీళ్లు పట్టి చేతి కిట్‌తో అక్కడికక్కడే పరీక్షించండి. ల్యాబుకు మోసుకెళ్లేలోపు, అందులోనూ ఎండలో, క్లోరిన్ తగ్గిపోతుంది. కిట్‌లో గులాబీ వచ్చి మీటరు మాత్రం సున్నా అంటే తప్పు మీటరులోనే ఉంది: సీసా ఖాళీ కావచ్చు, పంపు ట్యూబు నొక్కుకుపోయి ఉండొచ్చు, రంగు కొలిచే సెల్‌లో తిరిగే చిన్న అయస్కాంత పుల్ల జారిపోయి ఉండొచ్చు. పంపు ట్యూబులు ఆరు నెలలకోసారి మార్చాలి, వేడి గదుల్లో ఇంకా ముందే.

కిట్‌లో కూడా రంగు రాకపోతే అసలు జాగ్రత్త అప్పుడే కావాలి. క్లోరిన్ మరీ ఎక్కువైతే డీపీడీ గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి తెల్లబడుతుంది. మీటరు తక్కువ చూపిస్తుంది, ఆపరేటర్ డోసు పెంచుతాడు, రంగు ఇంకా పోతుంది. అందుకే ఒక వంతు శాంపిల్‌కు తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ చూడండి. రంగు నిలిస్తే వచ్చిన అంకెను పదితో హెచ్చించండి. అప్పుడు కూడా రాకపోతేనే క్లోరినేటర్ దగ్గరికి వెళ్లండి.

డోసింగ్ ఆటోలో ఉంటే, మీటరు మీద చేయి వేసే ముందే దాన్ని మాన్యువల్‌కు మార్చండి. లేదంటే మీరు సెల్ కడుగుతుండగా పంపు ఇష్టమొచ్చినట్టు క్లోరిన్ పోస్తుంది.

రీడింగు ఎగిరెగిరి పడితే బుడగలు గానీ, శాంపిల్ ఫ్లో గానీ కారణం. రోజురోజుకీ మెల్లగా జరిగిపోతుంటే సెల్ లోపలి మరక కావచ్చు. మీటరు మాన్యువల్ పుస్తకంలో చెప్పిన ఆమ్లంతో, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని తుడవండి. నీళ్లలో ఆక్సీకరణం చెందిన మాంగనీసు ఉంటే అది కూడా క్లోరిన్‌లాగే రంగు తెప్పిస్తుంది. రీడింగు అనుమానం వచ్చేంత ఎక్కువగా ఉన్నప్పుడు దాన్ని గుర్తుపెట్టుకోండి.

క్యాలిబ్రేషన్ బటన్ అన్నిటికంటే చివరిది. కొత్తవాళ్ల వేలు ముందు దాని మీదికే పోతుంది, అదే చిక్కు. ఇవన్నీ చూశాక కూడా కిట్‌కూ మీటరుకూ ఒకే తేడా పదేపదే వస్తేనే ముట్టుకోండి. సరిచేస్తే తేదీ, ముందు అంకె, తర్వాతి అంకె లాగ్ బుక్కులో రాయండి, తర్వాతి షిఫ్టువాళ్లు మళ్లీ తిప్పకుండా ఉంటారు.